అది నిద్ర కాదు

 

మత్తు అనగానే మన సభలు సారాతో మొదలై గంజాయితో ముగుస్తాయి. నేడు మేము మందుల దుకాణంలో దొరికే మాత్రను గురించి మాట్లాడదలచాము. ట్రమడాల్, టాపెంటడాల్ తీవ్రమైన నొప్పికి వైద్యులు వ్రాసే మందులు. నల్లమందు వలె పనిచేసే ఈ మాత్రలు నొప్పితో పాటు, మోతాదు మించితే, శ్వాసను నడిపే మెదడు భాగాన్ని కూడ జోకొడతాయి. ట్రమడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల చట్టం క్రిందికి తెచ్చారు. టాపెంటడాల్‌ను చీటీ చూసి మాత్రమే అమ్మవలె. చీటీ అడగని దుకాణమేదో మన పిల్లలకు మనకన్న ముందే తెలుస్తుంది. వాసన రాదు, సీసా ఉండదు. సారా కాదు గనుక హరామ్ కాదని తమకు తామే ఫత్వా ఇచ్చుకున్న పిల్లలు కూడ ఉన్నారు.

ఒక మత్తుకు మరొకటి తోడైనప్పుడే ప్రాణాపాయం అధికం. అల్‌ప్రాజోలం నిద్రమందు, అది కూడ శ్వాసను మందగింపజేస్తుంది. తెలంగాణలో దానిని కల్లులో కలపడం పాత నేరమే. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు ప్రాణాలు తీసింది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో, టాపెంటడాల్‌కు కారిసోప్రొడాల్ జోడించి పశ్చిమ ఆఫ్రికాకు పంపుతున్న మాత్రల తయారీని, ఎగుమతిని కేంద్రం నిలిపివేసింది. అమెరికాలో నొప్పి మాత్రల రూపంలో అచ్చుగుద్దిన నకిలీల్లో ఫెంటనిల్ ఉంటోంది. రెండు మిల్లీగ్రాములే ప్రాణం తీయవచ్చునని అక్కడి అధికారులే చెబుతున్నారు. అక్కడ పిల్లలను చదివిస్తున్న ఇళ్ళు ఈ సభలోనూ ఉన్నాయి. స్నేహితుడు ఇచ్చిన మాత్ర వేసుకోవద్దని ఈ రాత్రే ఫోను చేయండి.

మరొకటి. రంజాన్ నెలంతా మానిన పిల్లవాడు పండుగనాటి రాత్రి పాత మోతాదే వేసుకుంటే, శరీరం దానికి అలవాటు తప్పి ఉంటుంది. జైలు నుండి, చికిత్సాకేంద్రం నుండి వచ్చినవారికి కూడ ఇదే గండం.

ఇక ఆ రాత్రి సంగతి. పిల్లవాడు గురగురమని గురకపెడుతున్నాడు, పిలిస్తే పలకడు, పెదవులు నీలం, కంటిపాప సూదిమొనంత. అది నిద్ర కాదు. తెల్లవారితే లేస్తాడని తలుపు మూయవద్దు. మజ్జిగ, నిమ్మరసం నోట పోయవద్దు. ఒక ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోను చేసి, మాత్రల షీటు వెంట తీసుకొని పొండి. నల్లమందు జాతి మందులకు నాలాక్సోన్ విరుగుడు. దాని ప్రభావం త్వరగా తగ్గుతుంది కనుక, కళ్ళు తెరిచాడని వెంటనే ఇంటికి తేవద్దు.

ఆసుపత్రికి పోకుండా కాళ్ళకు అడ్డుపడేది సిగ్గు మాత్రమే కాదు, పోలీసు భయం. అది ఊరక పుట్టలేదు. 2021 అక్టోబరులో హైదరాబాదు వీధుల్లో యువకులను ఆపి, వారి ఫోన్లలో గంజాయి మాటలు వెదికారు. అయితే, ఫైళ్ళతో బ్రతికినవాళ్ళము కనుక ఒక సెక్షను చెబుతాము. 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టంలో 64ఏ: వ్యసనపరుడు తానుగా ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు గల కేంద్రంలో చికిత్సకు చేరితే, వాడకానికీ, స్వల్ప పరిమాణానికీ సంబంధించిన కేసు నుండి రక్షణ ఉంది. చికిత్స పూర్తిచేయనివారికి ఆ రక్షణ పోవచ్చును. అమ్మినవారికి అది వర్తించదు. వర్తించాలని మేమూ కోరము. చేర్పించిన తేదీ ఉన్న కాగితం భద్రపరచండి. ఎక్కడ చేర్పించాలో తెలియకపోతే 14446కు ఫోను చేయండి, రుసుము లేదు.

మన కోరికలు మూడే. బస్తీ ఆసుపత్రుల్లో నాలాక్సోన్ ఉండాలి. చికిత్సాకేంద్రంలో ఉర్దూలో తల్లితో మాట్లాడగల మనిషి ఉండాలి. చీటీ లేని అమ్మకాలపై మందుల తనిఖీ అధికారి దుకాణానికి రావాలి, పోలీసు మన గల్లీకి వచ్చేముందే. వినతిపత్రం ఆ బల్లమీద ఉంది. తల్లులు కూడ సంతకం చేయాలని మా మనవి.