కాకతీయ రాజ్యనిర్మాణము - మనకు దాని బోధ
(వార్షిక మహాసభయందు చదువబడిన యుపన్యాసము)

   

పాఠశాలలో సంస్కృతము చెప్పుచు ముప్పదియైదేండ్లు గడపిన నన్ను ఈ సభకు బిలిచి, మధ్యయుగపు తుదిదశలో రాజ్యములెట్లు నిర్మింపబడెనో ముచ్చటింపుమని కోరినందులకు కృతజ్ఞుడను. భూగోళమంతయు జుట్టివచ్చుటకు నాకు శక్తి చాలదు. మీకు భోజనవేళయు సమీపించుచున్నది. కావున మన యోరుగంటినే యాధారముగా గొని, అవసరమగు తావుల పరదేశముల వంక జూచెదను.

రాజ్యమనగా కోటయు సేనయు మాత్రమే యని మనము తలంతుము. కాకతీయుల చరిత్ర వేఱొక పాఠము చెప్పుచున్నది. చాళుక్యులకు సామంతులుగా నుండిన యా వంశమువారు రుద్రదేవుని కాలమున స్వతంత్రులైరి. 1163వ సంవత్సరపు హనుమకొండ శాసనము ఆ సంగతిని చాటుచున్నది. గణపతిదేవుడు 1199 మొదలు 1262 వఱకు పాలించి తీరభూములను గూడ తన యేలుబడికి దెచ్చెను. తెలంగాణపు మెట్టనేలలలో వాననీటిని కట్టి నిలిపినగాని వరిచేను లేదు. పంట లేనిదే పన్ను లేదు. పన్ను లేనిదే సేన లేదు. అందువలన చెఱువే యా రాజ్యమునకు పునాది యయ్యెను. పాకాల, రామప్ప చెఱువులను నిర్మింపించినవారు రాజులు గారు. వారి కొలువులోని మంత్రికుటుంబమువారును సేనానులును. చెఱువు గట్టించినవానికి దాని క్రింది భూమిలో దశబంధమను పేర మాన్యమిచ్చుట యాచారము. పుణ్యమును లాభమును ఒక్క కట్టమీద నడచెను.

ఇక రేవు సంగతి. గాలివానకు జిక్కి యొడ్డునకు గొట్టుకొని వచ్చిన యోడలలోని సరకును పూర్వరాజులు హరించెడివారు. 1244 ప్రాంతమున గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనము వేయించి, ముప్పదింట నొకవంతు సుంకముదప్ప వేఱేమియు గొననని సముద్రవర్తకులకు మాట యిచ్చెను. ఆపదలోనున్నవానిని దోచుకొనక కాపాడినచో వాడు మరల వచ్చును. సుంకము మరల చెల్లించును. ధర్మమే యిచట అర్థశాస్త్రమైనది.

సేనను పోషించుటకు ప్రతాపరుద్రుని కాలమున నాయంకరము ప్రబలెను. గ్రామముల రాబడిని నాయకుల కప్పగించి, ప్రతిగా సైన్యమును గోరుట దీని స్వరూపము. ఢిల్లీ సుల్తానుల ఇక్తా, తురుష్క ఉస్మానీల తిమారు ఇట్టివే. రొక్కము కొఱతయై, దూరములు పెద్దవైనచోట జీతమునకు బదులు భూమి రాబడి నిచ్చుట యెల్లదేశముల రాజులకును తోచిన యుపాయము. రాజు బలహీనుడైనచో నాయకుడే రాజగునను భయ మిందు గలదు. అయినను 1323లో ఓరుగల్లు పడిపోయిన పిమ్మట దేశమును నిలిపినవారా నాయకులే. కాపయనాయకుడు ఓరుగంటిని మరల సాధించెను. ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో రాజ్యము నెలకొల్పెను.

ఆ నాయకులు ఎవరు? ఇచట నేను మీకు రుచింపని మాట యొకటి చెప్పవలసియున్నది. ఆనాటి శాసనములలో నాయక, రెడ్డి, సెట్టి యను పదములు పెక్కుచోట్ల పదవిని, వృత్తిని, గౌరవమును దెలుపునవియే. తండ్రి బిరుద మొకటి, కొడుకు బిరుదము వేఱొకటి యగుటయు గలదు. కాకతీయులే కొన్ని శాసనములలో సూర్యవంశజులుగను, పెక్కింటిలో చతుర్థవర్ణజులుగను బేర్కొనబడిరి. ఆ కాలమున పెక్కు రాజ్యములు సమర్థునకు ఏదో యొక ద్వారము తెఱచినవి. చీనాలో పరీక్షలద్వారా ఉద్యోగము, 1250 మొదలు 1517 వఱకు ఈజిప్టులో మమ్లూకులలో కొనబడిన బానిసయే సుల్తానగుట, మనదేశమున ఖడ్గసేవ. పుట్టుక యొక్కటియే యెవ్వరిని నిలుపలేదు.

కొన్నియేండ్ల క్రిందట మనవాడే యొక యువకుడు నాయొద్దకు వచ్చి, "మాస్టారూ, మన వంశము కాకతీయులనుండి వచ్చినట్లు నాలుగు శ్లోకములు వ్రాసి యిండు, ప్రాచీనమని అచ్చు వేయించెదము" అని వేడెను. నేను వ్రాయనంటిని. అతడు నొచ్చుకొని వెడలిపోయెను. నేటికిని నాకు ఆ నొప్పి గలదు. కాని కల్పితశ్లోకము పూర్వులకు చేయు తర్పణము గాదు, ద్రోహము.

నిజమైన శాసనము నొకదానిని దలచుకొందము. 1261 నాటి మల్కాపురశాసనమున రుద్రమదేవి విశ్వేశ్వర శివాచార్యులకు మందడగ్రామము నొసగిన విషయము గలదు. ఆ రాబడితో విద్యార్థులకు చదువు, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, బ్రాహ్మణుడు మొదలు చండాలుని వఱకు ఎల్లరకు అన్నము పెట్టు సత్రము ఏర్పడెను. కోట లోపలి మేడలు కూలినవి. ఈ వాక్యములు మాత్రము ఱాతిమీద నిలిచినవి.

బాంధవులారా! మీలో సంపన్నులు కలరు. వంశావళి గ్రంథమునకు చందాలు వేయుటకును ఉత్సాహము గలదు. ఆ ధనమును మన విద్యార్థి వసతిగృహమున కొసగుడు. అందు అన్యకులపు పేదబాలునకును ఒక పంక్తి యుంచుడు. చెఱువు గట్టినవానిని పంట పండిన యేటనెల్ల ఊరు తలచుకొనును. అతని కులమేదని చేను అడుగదు.