ఉడుమూ, గోదురు కప్పా



పొలంగట్టున ఉడుము కనబడితే కర్ర అందుకుంటాము. గోదురు కప్ప కనబడితే ఛీ అని కాలితో నెడతాము. ఈ రెండూ మన చేలో యేం పని చేస్తున్నవో ఈ పూట కాస్త ఆలోచిద్దాం.

ఉడుము పెద్ద జీవి. ముట్టె నుంచి తోక కొస దాకా 5 అడుగుల పైచిలుకు పెరగగలదు. గోదురు కప్ప అరచేతిలో ఇముడుతుంది. ఉడుముది పగటి కాపలా. గోళ్లతో నేల తవ్వి పురుగులను, నత్తలను, పీతలను, దొరికితే ఎలుకలను తింటుంది. కప్పది రాత్రి కాపలా. చీకటి పడగానే బయటికి వచ్చి చీమలను, చెదలను, పెంకు పురుగులను నాలుకతో లాగి మింగుతుంది.

"అయ్యా, ఉడుము మా కోడిగుడ్లు తినటం లేదా?" అంటారు. తింటుంది, నిజమే. అందుకు గూటికి వల బిగించాలి, గుడ్లు ఎప్పటికప్పుడు తీయాలి. అంతేగాని చంపటం మందు కాదు.

కప్ప కళ్ల వెనుక ఉబ్బెత్తు గ్రంథులలో విషమున్నది. కుక్క కరిస్తే నురగలు కక్కుతుంది. ముట్టుకుంటే పులిపిర్లు వస్తవన్నది మాత్రం వట్టి మాట. చేయి కడుక్కుంటే చాలు.

ఇక్కడొక సంగతి వినండి. 1935లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండులో చెరకు తోటల పురుగులను తింటవని హవాయి నుంచి పెద్దజాతి గోదురు కప్పలను తెచ్చి వదిలారు. పురుగుల బాధ తీరలేదు. కప్పలు మాత్రం విపరీతంగా పెరిగినవి. వాటిని మింగిన అక్కడి ఉడుములు విషానికి చచ్చినవి. మన ఆసియా ఉడుములకు ఆ విషాన్ని తట్టుకునే శక్తి తరతరాలుగా వచ్చినది. ఉడుమూ కప్పా ఒకే నేల మీద కలిసి పెరిగిన చోట ఆ పొందిక కుదిరింది. కొత్తచోట అది లేక చెడింది.

కనుక చెప్పవచ్చిందేమంటే, గట్ల మీది పొదలనూ పుట్టలనూ తగలబెట్టకండి. పురుగుమందు డబ్బాలు కుంటలో కడగకండి. కప్పపిల్లలు పెరిగేది ఆ నీటిలోనే. ఉడుమును మాంసానికో తోలుకో పట్టటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, జైలు తప్పదు.

కూలి అడగని కాపలాదారులు వీరిద్దరూ. కాపాడుకుందాం.