వృత్తిసేవకుని వెబ్‌సైటు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



లెక్కలు వ్రాసికొని బ్రతుకువానికి వెబ్‌సైటు ముచ్చట యేల అని కొందరు నవ్వుకొనుచుండవచ్చును. నాకు దానితో సంబంధము ఒక పొరపాటు వలన కలిగినది. ముందు దానినే చెప్పెదను.

కొన్నేండ్ల క్రిందట మన ఊరి చిన్న వ్యాపారికి పన్ను నోటీసు వచ్చినది. అది నా చేతనగు పని కాదు. ఫోనులో వెదకి, ఆదోనిలోని ఒక వృత్తినిపుణుని వెబ్‌సైటు చూచి, చిరునామా కాగితముపై వ్రాసి యిచ్చితిని. చూచుటకు అది మహా సొంపుగా నుండెను: కదలెడి బొమ్మలు, పొగడ్తలు, కరచాలనము చేయు పెద్దమనుష్యుల ఛాయాచిత్రము. ఆ కార్యాలయము రెండేండ్ల క్రిందటనే వేరొక వీధికి మారినదట. అందున్న ఫోను నంబరు పలుకలేదు. అతడు మిట్టమధ్యాహ్నము దాక ఎండలో తిరిగి వట్టి చేతులతో వచ్చెను. జవాబు దాఖలు చేయు గడువు ఆ సాయంత్రముతో తీరెను. ఆ చిక్కు విడుటకు మూడు నెలలు పట్టినది. నా వ్రాతను నమ్మి పోయిన మనిషి గదా!

ఆదోని మార్కెట్టులో పత్తి కొనువాడు గుప్పెడు దూది తీసి, పీచు లాగి చూచి ధర చెప్పును. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును స్థాపించిరి. 1954లో వారికి పద్మశ్రీ వచ్చినది. చేనేత వస్త్రమును గూడ అంచు పట్టి, నేత చూచి కొనవచ్చును. వకీలు తెలివికి, ఆడిటరు శ్రద్ధకు, వైద్యుని హస్తవాసికి అట్టి మచ్చు ఎక్కడిది? కావున పని కోరి వచ్చువాడు తానే సరిచూచుకొనదగిన సంగతులు వెబ్‌సైటున నుండవలెను. అవియే అచట మచ్చు.

వకీళ్లు ప్రకటనల ద్వారా పనిని యాచించరాదని బార్ కౌన్సిల్ నియమము. 2008లో దానిని సవరించి వెబ్‌సైటుకు అనుమతి నిచ్చినప్పుడు, ఏమేమి వ్రాయవచ్చునో గూడ చెప్పిరి: పేరు, చిరునామా, ఫోను, ఈమెయిలు, నమోదు సంఖ్య, నమోదైన తేది, చదువు, ఏ తరగతి వ్యవహారములు చేపట్టుదురో ఆ వివరము. ఇది కట్టడి అని కొందరు సణుగుదురు. నాకు మాత్రము ఇంతకు మించిన మంచి నమూనా కనబడలేదు. ఆడిటర్లకు, వైద్యులకును వారి వారి నియమములు గలవు. పుట కట్టించుకొనక ముందే వానిని చదువుకొనుట మేలు.

కిష్కింధాకాండ చదివినవారు గుర్తు తెచ్చుకొనుడు. హనుమంతుడు రామలక్ష్మణులను మొదట కలిసినప్పుడు తన పేరు చెప్పెను, తాను సుగ్రీవుని మంత్రినని చెప్పెను, వచ్చిన పని చెప్పెను. ఆ మాటతీరును రాముడు తమ్మునితో మెచ్చుకొనెను. భిక్షువేషమున వచ్చెను గదా అని మీరు అడుగవచ్చును. నిజమే, కాని ఆ వేషము సంగతి కూడ తానే చెప్పెను!

ఇక చదువరి యెవరో తలచుకొందము. కోసిగి, కౌతాళము ప్రాంతములనుండి మిరప కోతలకు గుంటూరికి, కట్టడపు పనులకు బెంగుళూరికి పోవువారు వేలమంది. అట్టివానికి ఆదోని కోర్టులో పని పడినచో, ఒకసారి వచ్చిపోవుట యనగా కూలి పోవుట, బస్సు ఖర్చు. అతడు ఫోనులో చూడగోరునది బొమ్మలను కాదు. ఏ దినములలో కార్యాలయము తెరచియుందురు? వెంట ఏ కాగితములు తేవలెను? ఫోనులోనే తేలు పని యేది, మనిషి రాక తప్పని పని యేది? తాను చేపట్టని పనులేవో అవి కూడ వ్రాసినచో వ్యర్థముగా వచ్చువారు తగ్గుదురు.

భాష మాట. 1991లో వెబ్ లోకమునకు తెరచుకొన్నది. ఆ సంవత్సరమే వెలువడిన యూనికోడ్ తొలి ప్రతిలోనే తెలుగు లిపికి చోటు దొరికినది. అయినను మనవారు పలువురు ఇంగ్లీషుతోనే సరిపెట్టుదురు. ఈ సీమలో తెలుగుతోపాటు కన్నడము, ఉర్దూ గూడ వినబడును. ఊరి పేరును ఎమ్మిగనూరు అని వెదకువారున్నారు, యెమ్మిగనూరు అని వెదకువారున్నారు, రెండును వ్రాయవలెను. ఉన్నదంతయు ఒకే బొమ్మగా అచ్చొత్తి పెట్టినచో వెదకువారికి సరిగా దొరకదు, చూపులేనివారికి చదివి వినిపించు సాధనములకును అందదు. బరువైన బొమ్మలు పల్లెలోని ఫోనున తెరచుకొనుటకు చాల సేపు పట్టును.

లెక్కలవానిగా ఒక్కటి గట్టిగా చెప్పెదను. వెబ్‌సైటు పేరు, అనగా డొమైను, కొనుగోలు కాదు, కౌలు. గడువుకు రుసుము చెల్లింపనిచో అది ఇతరుల పాలగును. ఆ కౌలు మీ పేరనే యుండవలెను గాని పుట కట్టియిచ్చిన కుర్రవాని పేర నుండరాదు. తాళపు మాట, రసీదు మీ యొద్ద నుంచుకొనుడు. చివర సరిచూచిన తేదిని పుట అడుగున వేయుడు. నెలకొకసారి మీ ఫోను నంబరును మీరే ఆ పుటనుండి నొక్కి చూడుడు.

నేను చెప్పిన వ్యాపారి నేడు ఈ సభలోనే కూర్చుండియున్నాడు. ఇప్పుడు నేను చిరునామా వ్రాసి యిచ్చినను, ముందు ఫోను చేసి కనుగొని గాని బస్సెక్కడు.