ఆ ఏడాదిని వృథా అనుకోకండి

పట్టాలు అందుకున్న పిల్లలకు, భిలాయ్ నుంచీ రాయ్‌పూర్ నుంచీ ఆరంగ్ దాకా వచ్చిన తల్లిదండ్రులకు నా అభినందనలు. మనవాళ్లు కోరారు కనక తెలుగులోనే మాట్లాడతాను.

మీలో కొందరికి జపాన్‌లో పైచదువులు చదవాలని ఉందని మీ అధ్యాపకులు చెప్పారు. చాలా సంతోషం. ఇంట్లో నడిచే వాదన కూడా నాకు తెలుసు. "సీటు రాకముందే అక్కడికెళ్లి ఏడాదిన్నర భాష నేర్చుకుంటూ కూర్చుంటావా? డబ్బు దండగ కదూ!" అని నాన్నగారు అంటారు. ఆ మాటకు జవాబు చెప్పాలనే వచ్చాను.

క్రీ.శ. 671లో ఇత్సింగ్ అనే చైనా భిక్షువు నలందకు బయలుదేరాడు. నేరుగా రాలేదు. సుమత్రాలోని శ్రీవిజయలో ఆరు నెలలు ఆగి సంస్కృత వ్యాకరణం చదివాడు. తామ్రలిప్తి రేవులో దిగాక మళ్లీ భాష మీదే కూర్చున్నాడు. నలంద ఆ తర్వాతే. తన వెనక రాబోయేవాళ్లకు కూడా శ్రీవిజయలో ఒకటి రెండేళ్లు సాధన చేసి రమ్మని రాశాడు. నలందలో ద్వారం దగ్గరే ప్రశ్నలు వేసి, జవాబు చెప్పలేనివాళ్లను వెనక్కి పంపేవారని అంతకుముందే వచ్చిన మరో చైనా భిక్షువు హ్యుయాన్‌త్సాంగ్ రాశాడు. ఆయన మనకు పరాయివాడు కాడు. ఇక్కడికి దగ్గర్లో మహానది ఒడ్డునున్న సిర్పూర్ ఒకప్పుడు దక్షిణ కోసలకు రాజధాని. ఆయన ఆ కోసల చూసుకుని ఆంధ్రదేశానికి దిగి, ధాన్యకటకంలో నెలల తరబడి ఉండి ఇద్దరు భిక్షువుల దగ్గర బౌద్ధ శాస్త్రమైన అభిధర్మం చదివాడు. భాష రానివాడికి అది అయ్యే పనేనా?

జపాన్ ప్రభుత్వానికీ ఈ సంగతి తెలుసు. తన మెక్స్ట్ స్కాలర్‌షిప్ మీద డిగ్రీ చదవడానికి వచ్చే పిల్లలను మొదటి ఏడాది భాషకే కూర్చోబెడుతుంది. ఇంగ్లిష్‌లో చెప్పే కోర్సులున్నాయి, కాదనను. కానీ క్లాసు అయ్యాక ల్యాబులో సీనియర్లు మాట్లాడుకునేది జపనీసే. అద్దె కాగితం మీద ఉండేదీ అదే. జపనీస్‌లో బోధించే పీజీ కోర్సులు చాలామటుకు జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో పై మెట్లైన ఎన్2 గానీ ఎన్1 గానీ అడుగుతాయి.

తెలుగువాళ్లకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది. మనలాగే వాళ్లకూ క్రియ చివర వస్తుంది, విభక్తి పదం వెనక వస్తుంది. "వస్తానని అన్నాడు" అనడానికి వాళ్లు "కురు తో ఇత్తా" అంటారు. మన "అని" ఉన్నచోటే వాళ్ల "తో" ఉంటుంది. ఇంగ్లిష్ వాక్యాన్ని తిరగేసుకుని అర్థం చేసుకునే అవస్థ ఇక్కడ లేదు. అసలు కష్టం కాంజీ లిపి దగ్గర. నిత్యవ్యవహారానికని ప్రభుత్వం నిర్ణయించినవే 2,136 అక్షరాలు, వాటిలో చాలావాటికి రెండు మూడు ఉచ్చారణలు. స్టేషన్ పేర్లు, కొట్ల బోర్డులు, మందుల చీటీలు పొద్దస్తమానం కంటపడుతుంటే అవి పట్టుబడతాయి. ఆ దేశంలోనే ఉండి నేర్చుకోమనడం అందుకే.

అలాగని అ, ఆలు కూడా అక్కడే దిద్దుకుందామనుకోకండి. హిరగానా అక్షరాలు 46, కతకానా అక్షరాలు 46, ఇవి ఇంట్లో కూర్చునే వచ్చేస్తాయి. ఆ పరీక్షలో మొదటి మెట్టైన ఎన్5 ఇక్కడే రాయండి. నూటయాభై గంటలు నేర్చుకున్నట్టు రుజువు చూపమని చాలా భాషా పాఠశాలలు అడుగుతాయి కూడా.

డబ్బు సంగతి అమ్మానాన్నలకు చెప్పాలి. అనుమతి తీసుకున్న విద్యార్థి వారానికి 28 గంటలు పని చేసుకోవచ్చు. దానితోనే ఫీజులన్నీ గడిచిపోతాయని ఏజెంట్ ఎవరైనా చెబితే నమ్మకండి. రాత్రంతా షాపులో నిలబడి పొద్దున క్లాసులో కునికే పిల్లవాడికి భాషా రాదు, హాజరూ ఉండదు. హాజరు తగ్గితే వీసా పొడిగింపే కష్టమవుతుంది. మొదటి ఏడాది ఖర్చు చేతిలో పెట్టుకునే పంపండి. అది లేకపోతే ఇక్కడే ఇంకో ఏడాది ఉద్యోగం చేసి, సాయంత్రాలు ఎన్4 దాకా చదివి వెళ్లండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

పాఠశాలను ఎంచుకునేటప్పుడు బ్రోషర్‌లో బొమ్మలు చూసి మురిసిపోకండి. కిందటేడు అక్కడ చదివినవాళ్లు ఏయే యూనివర్సిటీల్లో చేరారో జాబితా అడగండి. ఇవ్వకపోతే ఇంకో పాఠశాల చూసుకోండి.