మనవల చేతికి ఒక బొమ్మల పుస్తకం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మాట్లాడుకునే సంగతులు మనకు కంఠతా వచ్చినవే. డి.ఆర్. ఎప్పుడు వస్తుంది, వైద్యం బిల్లు ఏ బల్ల మీద ఆగింది, లైఫ్ సర్టిఫికెట్ ఎప్పటిలోగా ఇవ్వాలి. అవన్నీ అవసరమే. అయితే ఈసారి ప్రత్యేక సంచిక కాబట్టి ఇంట్లో పిల్లలకు పనికివచ్చే మాట ఏదైనా చెప్పమని కార్యదర్శి గారు కోరారు. నేను పండితుణ్ణి కాను. ముప్పై అయిదేళ్లు గుమాస్తాగా ఫైళ్లు రాసినవాణ్ణి. సగం సర్వీసు కరీంనగర్‌లో, సగం ఆదిలాబాద్‌లో గడిచింది. పుస్తకం చదవడం ఒక్కటే నాకున్న వ్యసనం. అందుచేత పిల్లల కోసం వచ్చే బొమ్మల పుస్తకాల గురించి, వాటిలోనూ రెండు రకాల గురించి మాట్లాడతాను. ఒకటి పాటలు, పద్యాల పుస్తకాలు. రెండవది గొప్పవారి జీవిత కథలు.

మన ఇళ్లలో ఇప్పుడున్న పరిస్థితి మీకు తెలుసు. మనవలు, మనవరాళ్లు తెలుగు బాగానే మాట్లాడతారు. బస్సు మీద బోర్డు చదవమంటే మాత్రం కూడబలుక్కుంటారు. రాష్ట్రంలో ఒకటి నుంచి పది వరకు తెలుగు తప్పనిసరిగా నేర్పాలని 2018లో చట్టం వచ్చింది. మంచిదే. చట్టం వల్ల మార్కులు వస్తాయి. ఇష్టం మాత్రం ఇంట్లో పుట్టాలి. ఆ ఇష్టానికి మొదటి మెట్టు బొమ్మల పుస్తకం అని నా నమ్మకం.

మన చిన్నతనంలో పద్యం చెవి ద్వారా వచ్చేది. ధర్మపురి శేషప్ప కవి చెప్పిన నరసింహ శతకం మన గోదావరి ఒడ్డు పల్లెల్లో అక్షరం రాని ముసలమ్మలకు కూడా నోటికి వచ్చేది. వాళ్లు పాడితే మనం విన్నాం, విన్నది మనకూ వచ్చింది. పుస్తకంలో బొమ్మ ఉండేది కాదు, దాని అవసరమూ ఉండేది కాదు. పాడే మనిషి ఎదురుగా ఉండేది. కథలకు మాత్రం బొమ్మల భాగ్యం దక్కింది. 1947 జులైలో మొదలైన చందమామలో శంకర్, వడ్డాది పాపయ్య గార్ల బొమ్మలు చూసి కథ సగం అర్థం చేసుకున్నవాళ్లం మనం. ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. విశాలాంధ్ర వారు అమ్మిన సోవియట్ పుస్తకాలు గుర్తున్నాయి కదా? నున్నని కాగితం, రంగుల బొమ్మలు, గుమాస్తా జీతానికి అందే ధర. 1991లో ఆ దేశమే విడిపోయింది, పుస్తకాలూ ఆగిపోయాయి. సికింద్రాబాదులోని మంచి పుస్తకం వారు వాటిలో కొన్నింటిని మళ్లీ అచ్చు వేశారు. దొరికితే కొనండి.

ఇక జీవిత చరిత్రల సంగతి. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు గారు, రావిచెట్టు రంగారావు గారు మొదలైనవారు విజ్ఞానచంద్రికా మండలి పెట్టారు. ఆ మండలి మొట్టమొదట అచ్చు వేసిన పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. ఆలోచించండి. నిజాం రాజ్యంలో తెలుగు చదువే అరుదైన రోజుల్లో, ఎక్కడో అమెరికాలో పేద ఇంట పుట్టి దేశాధ్యక్షుడైన మనిషి కథతో వాళ్లు పని మొదలుపెట్టారు. ఒక మనిషి జీవితం చదివితే ఇంకో మనిషికి ధైర్యం వస్తుందని వాళ్లకు తెలుసు. తరువాత 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి గారు పుస్తకాల గంప మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. ఇవన్నీ పెద్దల కోసం చేసిన పనులు. పిల్లల కోసం బొమ్మలతో జీవిత కథలు రావడం తరువాతి మాట. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు పిల్లలకు పుస్తకాలు వేసింది. అనంత్ పాయ్ గారు 1967లో ప్రారంభించిన అమర చిత్ర కథ పురాణ పురుషులను, రాజులను, దేశ నాయకులను ఇంటింటికీ తెచ్చింది.

మరి మన గడ్డ మీది మాట ఏమిటి? సంతోషంగా చెప్పుకోదగిన సంగతి ఒకటుంది. సిరిసిల్లకు చెందిన పత్తిపాక మోహన్ గారు పిల్లల కోసం గాంధీజీ గురించి కవితా రూపంలో "బాలల తాత బాపూజీ" రాశారు. ఆ పుస్తకానికి 2022లో కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారం వచ్చింది. నేను మొదట్లో చెప్పిన రెండు రకాలూ, అంటే పాట, జీవిత కథ, ఈ ఒక్క పుస్తకంలో కలిశాయి. మగ్గం చప్పుడు మధ్య పిల్లలు పెరిగే ఊరు సిరిసిల్ల. రాట్నం తిప్పిన తాత కథ ఆ ఊరి కవి నోట రావడం ఎంతో సహజంగా ఉంది. అంతకు అయిదేళ్ల ముందు, 2017లో, ఇదే పురస్కారం మెట్‌పల్లి ప్రాంతానికి చెందిన వాసాల నర్సయ్య గారికి వచ్చింది. ఒక్క పాత కరీంనగర్ జిల్లాకే రెండు పురస్కారాలు! మన పిల్లల్లో ఎంతమందికి ఈ ఇద్దరి పేర్లు తెలుసు? మనలో ఎంతమందికి తెలుసు?

మిత్రులారా, జీవిత కథను పాటగా చెబితే లాభం ఏమిటని అడగవచ్చు. తేదీలు, బిరుదులు పిల్లలు పరీక్ష మరుసటి రోజే మరిచిపోతారు. పాటలో కూర్చిన సంగతి నాలుక మీద ఉండిపోతుంది. పక్కన బొమ్మ ఉంటే ఆ సంగతికి ముఖం కూడా వస్తుంది. పాట చెవికి, బొమ్మ కంటికి. రెండూ కలిసినప్పుడు అక్షరం దానంతట అదే వస్తుంది. జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్ గారిని గుర్తు చేసుకోండి. ఆయన కవి, చిత్రకారుడు, ఫోటో స్టూడియో నడిపిన మనిషి. 1993 జనవరి 12న చిన్న వయసులోనే కన్నుమూశారు. ఆయన కవితలు పిల్లల కోసం రాసినవి కావు. అయినా నాలుగు పొట్టి పంక్తులు, పక్కన ఒక బొమ్మ కలిస్తే ఎంత బలం వస్తుందో ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

ఇప్పుడు ఆదిలాబాద్ వైపు వస్తాను. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. నా మనవరాలు ఆరో తరగతి చదువుతోంది. ఒకరోజు వచ్చి, "తాతా, కొమురం భీమ్, అల్లూరి సీతారామరాజు మంచి దోస్తులు కదా?" అని అడిగింది. 2022లో వచ్చిన "ఆర్ ఆర్ ఆర్" సినిమా చూసింది పిల్ల. ఆ సినిమా కల్పిత కథ అని తీసినవారే చెప్పారు, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ పిల్లకు సినిమా ఒక్కటే ఆధారం. అల్లూరి వారు 1924 మేలో అమరులయ్యారు. భీమ్ జోడేఘాట్ కొండల్లో ప్రాణాలిచ్చింది 1940లో. ఇద్దరూ కలుసుకున్నట్టు చరిత్రలో ఆధారం లేదు. "మరి భీమ్ ఎందుకు కొట్లాడాడు?" అని అడిగింది. చెప్పాను. అడవిలో పోడు చేసుకుంటే, పశువులు మేపుకుంటే శిస్తులు, జులుం. తమ పన్నెండు గూడేల భూమి మీద తమకు హక్కు కావాలన్నాడు. జల్, జంగల్, జమీన్ అన్న మాట ఆయన పేరుతోనే నిలిచింది. పిల్ల శ్రద్ధగా విన్నది. విని, "ఇదంతా బొమ్మలతో ఉన్న పుస్తకం ఉందా తాతా?" అన్నది.

అల్లం రాజయ్య, సాహు గార్లు రాసిన "కొమురం భీమ్" నవల ఉంది. అది పెద్దల పుస్తకం. ఆరో తరగతి పిల్ల ఒక సాయంత్రంలో చదివి, బొమ్మ మీద వేలు పెట్టి తమ్ముడికి చెప్పగలిగే పుస్తకం ప్రతి బడిలో, ప్రతి ఇంట్లో ఉండాలి. నేను ఆదిలాబాద్‌లో పనిచేసే రోజుల్లో ఉట్నూరు వైపు క్యాంపుకు వెళ్లినప్పుడు ఒక బడిలో గోడ నిండా నాయకుల పటాలు చూశాను. ఆ గోండు పిల్లల సొంత మనిషి పటం ఒక్కటి కూడా లేదు. ఆ గోడ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు కనబడుతుంది.

ఆ పిల్లల కోసం ఎనభై ఏళ్ల కిందటే ఒక ప్రయత్నం జరిగింది. భీమ్ పోరాటం తరువాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్ అనే పండితుణ్ణి పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి పనిచేశారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. నార్నూరు మండలం గుంజాలలో గోండి లిపిలోని పాత రాతప్రతులు దొరకడం, ఆ లిపి 2018లో కంప్యూటర్ అక్షరాల అంతర్జాతీయ పట్టికలో చేరడం ఈ మధ్యటి శుభవార్తలు. లిపి ఉంది, కథ ఉంది. ఒక పక్క గోండి, ఒక పక్క తెలుగు, మధ్యలో బొమ్మ. ఇలాంటి పుస్తకం పట్టుకున్న పిల్లవాడు రెండు భాషల్లోనూ తలెత్తుకుని నిలబడతాడు.

బొమ్మలు ఎవరు వేస్తారంటారా? పొనికి కర్రతో జామపండును, జింకను నిజమైనవా అనిపించేట్టు చేసే నిర్మల్ కళాకారులు మన మధ్యనే ఉన్నారు. ఆ రంగులు, ఆ చేయి మన పిల్లల పుస్తకాలకు వస్తే ఎంత బాగుంటుంది!

కథలకు కొదవ లేదు. నిర్మల్‌లో 1860లో ఉరికంబమెక్కిన రాంజీ గోండు ఉన్నాడు. ఆయనకూ భీమ్‌కూ మధ్య ఎనభై ఏళ్లు, పిల్లలు ఇద్దరినీ కలిపేస్తుంటారు. 1948 మార్చి 14న మహమ్మదాపూర్ గుట్టల్లో నేలకొరిగిన అనభేరి ప్రభాకరరావు గారు ఉన్నారు. వంగర నుంచి ప్రధానమంత్రి పీఠం దాకా వెళ్లి, వేయిపడగలను హిందీలోకి తెచ్చిన పి.వి. నరసింహారావు గారు ఉన్నారు. హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి గారి కథ ఇంగ్లీషు మీడియం పిల్లలకు మరీ ముఖ్యం. ఆయన బడి చదువు ఉర్దూ మాధ్యమంలో సాగింది. అయినా "విశ్వంభర" కావ్యంతో 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం తెలుగుకు తెచ్చారు. బడి భాష ఏదైనా ఇంటి భాష మీద ప్రేమ ఉంటే చాలునని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

జీవిత కథ ఎలా చెప్పాలో నేర్చుకోవాలంటే సామల సదాశివ గారిని చదవాలి. ఆదిలాబాద్‌లో కూర్చుని ఉర్దూ కవులను, హిందూస్తానీ గాయకులను మన ఇంటి చుట్టాల్లాగా పరిచయం చేశారు. "స్వరలయలు" పుస్తకానికి 2011లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఆయన ఉపన్యాసం ఇవ్వరు, ముచ్చట చెబుతారు. పిల్లలకు కావలసింది అదే.

ముచ్చట అన్నాను కదా అని లెక్క తప్పకూడదు. మనం సర్వీసు రిజిస్టర్లు రాసినవాళ్లం. పుట్టిన తేదీలో ఒక అంకె తేడా వస్తే ఒక మనిషి పింఛను ఎన్ని నెలలు ఆగుతుందో మనకు తెలుసు. పిల్లల పుస్తకం కొనేటప్పుడు కూడా అదే కంటితో చూడండి. సంవత్సరాలు సరిగ్గా ఉన్నాయా? విన్నమాటను విన్నమాటగా, జరిగినదాన్ని జరిగినదిగా చెప్పారా? అక్షరం పెద్దదిగా, కళ్లకు హాయిగా ఉందా? ఆ పేజీలో మాట ఒకటి, బొమ్మ ఇంకొకటి కాకుండా ఉన్నాయా? పద్యమైతే పైకి చదివి చూడండి. నోరు తిరగకపోతే పక్కన పెట్టండి. మహాపురుషుణ్ణి దేవుణ్ణి చేసి చూపే పుస్తకం కంటే, ఆయన చిన్నప్పుడు ఏం తిన్నాడో, దేనికి భయపడ్డాడో చెప్పే పుస్తకం మేలు. దేవుడికి పిల్లవాడు దండం పెడతాడు, మనిషైతే వెంట నడుస్తాడు.

చివరగా మూడు విన్నపాలు. మొదటిది, పింఛను వచ్చిన రోజున మందుల చీటీతో పాటు ఒక పిల్లల పుస్తకం కూడా రాసుకోండి. రెండవది, కొని అల్మారాలో పెట్టకండి. రాత్రి భోజనాలయ్యాక పావుగంట పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని మీరు పైకి చదవండి. చూపు ఆనకపోతే వాళ్లచేత చదివించుకోండి. తడబడితే నవ్వకండి. ఇంట్లో చదివిన పుస్తకాన్ని తరువాత మీ ఊరి ప్రాథమిక పాఠశాలకు ఇవ్వండి.

మూడవది అన్నిటికంటే ముఖ్యం. మీ ఊళ్లో మంచి మనిషి ఒకరుండే ఉంటారు. చెరువు తవ్వించినవారో, చదువు చెప్పిన సారో, పాటలు కట్టిన అవ్వో, రజాకార్ల కాలంలో పదిమందిని కాపాడినవారో. ఆ సంగతులు మన తరానికి మన పెద్దల నోటి ద్వారా తెలుసు. మనం పోతే అవీ మనతోనే పోతాయి. డ్రాఫ్టు రాయడం మనకు కొత్త కాదు. నాలుగు ఫుల్‌స్కేప్ కాగితాలు చాలు. తేదీలు తెలిసినవారిని అడిగి సరిచూసి రాయండి. బొమ్మలు మీ మనవల చేత వేయించండి, వంకరగా ఉన్నా ఫరవాలేదు. అలాంటివి పది వస్తే మన సంఘమే ఒక చిన్న పుస్తకం వేయవచ్చు. ఈ విషయం కార్యవర్గం పరిశీలించాలని కోరుతున్నాను.

ఇల్లు, పొలం, డిపాజిట్టు కాగితాలు పిల్లలకు ఎలాగూ అందుతాయి. పాట, కథ మాత్రం మనం నోరు తెరిచి చెబితేనే అందుతాయి.