కోళ్ల పాకలో నేలపై ఏమి పరవవలెను?

పంచాయతీ సభ్యులారా,

కోడిపిల్లలు ఊరికి వచ్చిన దినమున అందరును వాటి జాతిని గూర్చి అడుగుదురు. దాణా ధరను గూర్చి అడుగుదురు. పాకలో నేలపై ఏమి పరచితిరని అడుగువారు అరుదు. ఆ ప్రశ్ననే నేడు మీ యెదుట ఉంచదలచితిమి. కోడి తిరుగునది దానిమీదనే, పండుకొనునది దానిమీదనే, రెట్ట వేయునదియు దానిమీదనే.

మేము చూచిన సంగతి యొకటి చెప్పెదము. ఒక మెట్ట గ్రామములో కొందరు స్త్రీలు కలసి అప్పు తెచ్చి పాక వేసిరి. కాయలు కొట్టు మిల్లు వెనుక పడియున్న వేరుశనగ తొక్కలు ఉచితముగా దొరికినవి. అవి రెండు వానలకు తడిసి పైపైన మాత్రమే ఆరినవి. లోపల బూజు పట్టియుండెను. పది దినములు గడవకముందే పిల్లలు నోరు తెరచి రొప్పసాగినవి. పశువైద్యుడు చచ్చిన పిల్లను కోసి చూపగా ఊపిరితిత్తులలో జొన్నగింజలవంటి తెల్లని గడ్డలు కనబడెను. బూజు శ్వాసతోపాటు లోనికి పోయినది. సగమునకు పైగా పిల్లలు చచ్చెను. అప్పు మాత్రము నిలిచెను.

ఇందువలన వేరుశనగ తొక్క పనికిరాదని తలపకుడు. రాయలసీమవారికి అంతకంటె చేరువైన వస్తువు లేదు. తడి తగులని తొక్క మంచిదే. డెల్టా గ్రామములలో వరి ఊక ఉండనే యున్నది. అది తేలిక, త్వరగా ఆరును, ముద్దకట్టదు. తడిని అంతగా పీల్చుకొనదు గనుక తరచుగా తిరుగవేయవలెను. మొదటి కొన్ని దినములు పిల్లలు ఊకను దాణాయని తినును గావున పైన కాగితము పరవవలెను. ఇటుక బట్టీలవారును, బాయిలర్లవారును ఊకనే కొనుచున్నారు. కోళ్లు పెంచువారు కూడ ముందుచూపుతో కొనవలసియున్నది.

రంపపు పొట్టు తడిని బాగుగా పీల్చును. కాని మరీ మెత్తని పొడి కోడి కన్నులకును, ఊపిరికిని చెరుపు. మందు పూసిన కర్ర పొట్టును ఎన్నడును తేరాదు. కోనసీమలో దొరకు కొబ్బరి పొట్టు నీటిని మిక్కిలిగా పీల్చును. అందుచేతనే దానిని బాగుగా ఎండబెట్టి వాడవలెను. వరిగడ్డిని రెండంగుళముల ముక్కలుగా నరుకక వేసినచో చాపవలె అట్టకట్టును.

పిల్లలకు రెండంగుళముల మందము చాలును. గ్రుడ్ల పెట్టలకు క్రమముగా ఆరంగుళముల వరకు పెంచవచ్చును. తడి పరీక్షకు ఏ పరికరమును అక్కరలేదు. గుప్పెడు పొట్టు పట్టి పిండి విడువుడు. ముద్దగా నిలిచినచో తడి ఎక్కువ. మెల్లగా విడిపోయినచో సరియైనది. ఏమాత్రము అంటక దుమ్ము లేచినచో మరీ పొడి. తడి మితిమీరిన చోట రక్తపారుడు వ్యాధి క్రిములు వృద్ధియగును, రెట్టనుండి అమ్మోనియా పుట్టును. ఆ వాయువును నిలుచుండి వాసన చూడకుడు. కూర్చుండి, కోడి తల ఎత్తున చూడుడు. పెద్దలు చాలమంది గుమ్మము వద్దనే నిలిచి బాగున్నదని వెడలిపోవుదురు.

తడి తరచుగా నీటిపాత్రల చుట్టునే మొదలగును. అచటి పొట్టును తీసివేసి పొడిది వేయవలెను. మిగిలినదానిలో కొద్దిగా పొడి సున్నము కలిపి, వారమునకు రెండు మారులైన దంతెతో తిరుగవేయవలెను.

ఇందు పంచాయతీ పని యేమని అడుగుదురేమో. 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ వలన ఏర్పడిన 11వ షెడ్యూలులో 29 అంశములు కలవు. కోళ్ల పెంపకమును అందొకటి. ఊరిలో కోళ్లు పెంచు కుటుంబములను పిలిచి, వానలకు ముందే అందరికిని కలిపి ఒక బండి పొట్టు తెప్పించి, ఎత్తైన చోట కప్పు క్రింద నిలువచేయించుడు. దించుకొనుటకు ముందు బస్తాలోనికి చేయి పెట్టి, అడుగున వెచ్చగా గాని, బూజు వాసనగా గాని ఉన్నదేమో చూడుడు. అట్లున్నచో బండిని త్రిప్పిపంపుటయే మేలు.

పాత పొట్టును పాకకును, త్రాగునీటి బావికిని దూరముగా గుంటలో వేసి, మాగిన పిదప పొలమునకు తోలవలెను. మేము చెప్పిన ఆ స్త్రీలు రెండవ విడతకు మిల్లు గోదాములోని పొడి తొక్కను డబ్బిచ్చి కొనిరి. ఆ విడత ఎరువును కూరగాయల రైతునకు అమ్మి, వచ్చిన డబ్బును మూడవ విడత తొక్కకు బయానాగా ఇచ్చిరి.