విండ్లకు తగిన మన మ్రాకులు

విల్లనగానే మనకు గాండీవము, శివధనుస్సు స్ఫురించును. అవి దేనితో చేసినవో విచారించువారు అరుదు. విష్ణుమూర్తి వింటికి శార్ఙ్గమను పేరు కొమ్మునుబట్టి వచ్చినది. ఒక చెట్టుకైతే వింటినిబట్టియే పేరు వచ్చినది. సంస్కృతమున దానిని ధన్వనమనియు, ధనుర్వృక్షమనియు అందురు. మన అడవులలో అదియే తడ. కొందరు చరచి అందురు.

మేముండు మల్కాజ్‌గిరిలో విద్యుత్తీగలకు అడ్డమని నరికిన కొమ్మలను చూచి, "వీటితో విల్లు చేయవచ్చునా?" అని బాలురు మమ్మడుగుచుందురు. దేశీయ విండ్లతో ఇండియన్ రౌండ్ అను పోటీ నేటికిని జరుగుచున్నది గనుక ఈ ప్రశ్న వట్టి ఆటకు సంబంధించినది కాదు. ఇంగ్లండులో దీనికి ఒకటే జవాబు: యూ వృక్షము. 1545లో మునిగి 1982లో పైకి తేబడిన మేరీ రోజ్ అను ఓడనుండి నూటికి పైగా యూ విండ్లు లభించినవి. ఆ చెట్టు చలిసీమలది. మన బండనేలలో దానికై వెదకుట వ్యర్థము.

మనవారికి తొలినుండి వెదురే ఆధారము. బోలుగానుండు ముళ్ళవెదురుకంటె గట్టి సాధన వెదురు మేలు. నల్లమల చెంచులను గూర్చి హైమెండార్ఫ్ 1943లో గ్రంథము ప్రకటించునాటికి విల్లు వారి నిత్యజీవితములో భాగమే. వెదురు గాక కొయ్యయే కావలెనన్నచో పలువురు కాఠిన్యమును చూతురు. ఇది తగదని మా అభిప్రాయము. నారయేపి చేవ నీట వేసిన మునుగునంత బరువైనది. స్తంభమునకు దానిని మించినది లేదు. వింటికి కావలసినది బరువు కాదు, వంగి తిరిగి లేచు గుణము. లాగినప్పుడు వింటి వీపు సాగును, లోపలి వైపు నలుగును. రెంటికిని ఓర్చిన కొయ్యయే నిలుచును. పూర్వము కావడిబద్దకు, బండి నొగలకు, గొడ్డలి కామకు ఏ కొయ్యను కోరెడివారో వృద్ధులైన వడ్రంగులను అడుగుడు. వారి నోట తడ పేరు, తిరుమాను పేరు వినవచ్చును. అడుగుటకు ఆ తరము వారు నానాటికి తగ్గిపోవుచున్నారు.

తడ ఆకు అంచున రంపపుపండ్లు ఉండును. మొదలు ఒక ప్రక్కకు ఒరిగి, అచటినుండియే అయిదారు ఈనెలు చీలును. పూలు చిన్నవి, పసుపుపచ్చనివి. బఠానీగింజంత పండు పండినపుడు నల్లనగును, తినవచ్చును. బెరడు నార త్రాళ్ళకు పనికివచ్చును. ఈ కుటుంబమున ఒకదానినొకటి పోలిన జాతులు పెక్కు కలవు గనుక ఆకు, పూవు, పండు మూడును చూడనిదే పేరు నిశ్చయింపరాదు. తిరుమానుకు తెల్లని నునుపైన బెరడు, బంక, గుండ్రని చిన్న పూగుత్తులు గురుతులు.

ఇక వీధిలో దొరకు వేప, చింత కొయ్యల మాట. వీటి నార అల్లుకొని యుండును. చెక్కునపుడు నార ఎచట తెగునో అచటనే విల్లు విరుగును. విరిగిన ముక్క కంటికి తగులవచ్చును. కావున ఏ కొయ్యనైనను ముందు పరీక్షింపవలెను. మూరెడు పొడవున సన్నని బద్దను నార వెంబడి చీల్చి, ఆరనిచ్చి, మెల్లగా వంచి కొంతసేపు పట్టి విడువుడు. నిటారుగా లేచినచో ఆశ కలదు; వంపు మిగిలినచో పొయ్యిలోనికి పంపుడు. చెక్కునపుడు తొందర కూడదు. మందము పదింట ఒక వంతు తగ్గిన బిగువు నూటికి ఇరువదియేడు వంతులు తగ్గును.

చెట్టు కొట్టుటకు 2002 నాటి వాల్టా చట్టము ప్రకారము అనుమతి కావలెను. అడవిలోనిది అసలే తాకరాదు. 1972 నాటి చట్టము వన్యప్రాణుల వేటను నిషేధించినది. గురికి గడ్డిమోపు చాలును.

అనుమతితో దొరికిన కొమ్మకు వెంటనే రెండు కొనలను మైనము పూయుడు. లేనిచో కొనలు ముందుగా ఎండి పగులును. పిమ్మట గాలి తగులు నీడలో అడ్డముగా పరచి ఉంచుడు. ఈ వేసవిలో తెచ్చినదానికి వచ్చు వేసవికి గాని ఉలి తగిలింపరాదు.